పూచీ ఎవరికి, ఇల్లు ఎవరికి: టులేరీ కౌంటీలో ప్రభుత్వ గ్రామీణ గృహరుణాలు

అమెరికా పల్లెప్రాంతాల గృహరుణాలపై జరిగే చర్చల్లో రెండు వేర్వేరు ఏర్పాట్లను ఒకే గాట కట్టడం పరిపాటి. 1949 నాటి గృహనిర్మాణ చట్టం 502వ సెక్షన్ కింద వ్యవసాయ శాఖ కొందరికి తానే అప్పు ఇస్తుంది. మరికొందరికి ప్రైవేటు బ్యాంకు ఇచ్చే అప్పుకు పూచీ పడుతుంది. రెంటినీ ప్రభుత్వ సాయంగానే లెక్క రాస్తారు. అయితే పూచీ తీర్చేది అప్పిచ్చేవాడి భయాన్ని. అప్పు తీసుకునేవాడి రాబడి చాలకపోతే దానికి పూచీ దగ్గర మందు లేదు. కాలిఫోర్నియాలోని టులేరీ కౌంటీని చూస్తే ఈ తేడా ఎంత లోతైనదో తెలుస్తుంది.

శాన్ వాకీన్ లోయలోని ఈ కౌంటీ నారింజకూ ద్రాక్షకూ పాడికీ పేరు పడింది. ఆ సంపదను పండించే చేతుల్లో ఎక్కువ భాగం సొంత భూమి లేని కూలీలవి. 1949 చట్టం మొదట సొంత కమతం ఉన్న రైతులకే వర్తించింది. అంటే గోషెన్, పిక్స్‌లీ, ఎర్లిమార్ట్ వంటి ఊళ్ళలో పరుల తోటల్లో కాయ కోసే కుటుంబానికి అప్పటికి ఈ చట్టం కింద సొంతంగా అప్పు తీసుకునే వీలే లేదు. 1961 సవరణతో భూమి లేని గ్రామీణులకూ దారి తెరుచుకుంది. 1968 చట్టం రాబడిని బట్టి వడ్డీ భారాన్ని 1 శాతం దాకా తగ్గించే వీలు కల్పించింది. పేద కుటుంబానికి ఈ రెండో మార్పే నిజమైన మలుపు అని నా అభిప్రాయం. పూచీ పథకానికి మూలం 1990 చట్టం. అది చాలా తర్వాతి సంగతి.

లెక్క వేసి చూద్దాం. ఒక కుటుంబం 2,00,000 డాలర్ల అప్పు తీసుకుందనుకుందాం. వ్యవసాయ శాఖ నేరుగా ఇచ్చే అప్పును 33 ఏళ్ళలో తీర్చవచ్చు. రాబడి మరీ తక్కువైతే 38 ఏళ్ళ వరకూ గడువు ఉంటుంది. పూర్తి రాయితీ దక్కి వడ్డీ 1 శాతానికి దిగితే, 33 ఏళ్ళ గడువుపై నెల వాయిదా అసలు, వడ్డీ కలిపి సుమారు 593 డాలర్లు. అదే అప్పు పూచీ మీద బ్యాంకు 7 శాతం వడ్డీకి 30 ఏళ్ళ గడువుతో ఇస్తే సుమారు 1,331 డాలర్లు. పన్నులు, బీమా రెంటిలోనూ అదనం. చేతి నుంచి ముందుగా కట్టవలసిన సొమ్ము రెండు చోట్లా లేదు కనుక రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి వాయిదా రోజునే తేడా బయటపడుతుంది. కోతల కాలంలో నిండుగా, చలికాలంలో సన్నగా వచ్చే కూలి మీద బతికే ఇంటికి ఆ 738 డాలర్ల తేడా అంటే ఇల్లు ఉండటం, లేకపోవడం.

అర్హతలు కూడా ఈ తేడానే చెబుతున్నాయి. నేరు రుణం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతానికి లోబడినవారికి; పూచీ రుణం 115 శాతం దాకా ఉన్నవారికీ దక్కుతుంది. పూచీ రుణంలో ఎగవేత జరిగితే నష్టాన్ని ప్రభుత్వం అప్పు మొత్తంలో 90 శాతం వరకు భరిస్తుంది. ఇందుకు అప్పు తీసుకున్నవారి నుంచి రుసుములు వసూలు చేస్తుంది కాబట్టి ఖజానాకు ఖర్చు నామమాత్రం. వడ్డీ రాయితీకి మాత్రం కాంగ్రెస్ ఏటేటా నిధులు కేటాయించాలి. 2023 ఆర్థిక సంవత్సరంలో పూచీ రుణాలకు 3,000 కోట్ల డాలర్ల పరిమితి ఉంటే, నేరు రుణాలకు 125 కోట్లు. 2024లో అవి వరుసగా 2,500 కోట్లు, 88 కోట్లు. పూచీని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. చిన్న ఊరి ఉపాధ్యాయుడికీ నర్సుకూ అది నిజంగా అక్కరకొస్తుంది. పెద్ద అంకెను చూపి పల్లె పేదల ఇళ్ళ సమస్య తీరుతోందని అనుకోవడం మాత్రం అన్యాయం.

టులేరీ కౌంటీ దేశానికి చూపిన దారి మరొకటి ఉంది. 1960ల తొలినాళ్ళలో క్వేకర్ల సేవా సంఘం ప్రోత్సాహంతో గోషెన్‌లో కూలీ కుటుంబాలు తమ ఇళ్ళు తామే కట్టుకున్నాయి. ఆ అనుభవం నుంచి 1965లో వైసేలియా కేంద్రంగా సెల్ఫ్ హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ పుట్టింది. పదీ పన్నెండు కుటుంబాలు ఒక జట్టు. పగలంతా తోటల్లోనో ప్యాకింగ్ షెడ్లలోనో పనిచేసి, సాయంత్రాలూ శనాదివారాలూ పునాదులు, చట్రాలు, పైకప్పుల పని. మొత్తం శ్రమలో కనీసం 65 శాతం జట్టుదే కావాలి. ఎవరిల్లు వారు కట్టుకోవడం కాదు, అందరూ అందరి ఇళ్ళూ కడతారు. అన్నీ పూర్తయ్యేదాకా ఎవరూ గృహప్రవేశం చెయ్యరు. కూలి ఖర్చు తగ్గడంతో అప్పు తగ్గుతుంది, కట్టినవారికి మొదటి రోజునే ఇంటి విలువలో వాటా ఏర్పడుతుంది. జట్టును కూడగట్టే, పని నేర్పించే సంస్థలకు 523వ సెక్షన్ కింద గ్రాంటు వస్తుంది. సామగ్రికీ స్థలానికీ డబ్బు 502 నేరు రుణం నుంచి వస్తుంది. ఈ ఒక్క సంస్థ చేయి వేసి లేపిన ఇళ్ళు ఆరు వేలు దాటాయి. నేరు రుణం నిధులు సన్నగిల్లితే ఈ జట్లకు పని ఉండదు. ఖజానా లెక్కల్లో ఈ సంబంధం ఎక్కడా కనబడదు, అందుకే దీన్ని ఇక్కడ గట్టిగా చెప్పవలసి వస్తోంది.

అయినా కొందరు బయటే మిగులుతారు. నేరు రుణానికి పౌరసత్వమో, చట్టబద్ధమైన వలస హోదానో తప్పనిసరి. ఈ లోయ కూలీల్లో ఆ కాగితాలు లేనివారు చాలామంది. వారికి తోటలో పని ఉంది, పథకంలో చోటు లేదు.

నీటి సంగతి మరీ ముఖ్యం. సురక్షితమైన తాగునీరు లేని ఇంటికి ఈ రుణం రాదు. 2014 కరువులో ఈస్ట్ పోర్టర్‌విల్‌లో ఇళ్ళ బావులు వందల సంఖ్యలో ఎండిపోయాయి. అటువంటి చోట అమ్మేవారు సిద్ధంగా ఉన్నా, కొనేవారికి అర్హత ఉన్నా, ఆ ఇల్లు తనఖాకు పనికిరాదు. తర్వాత ప్రభుత్వ ధనంతో వందలాది ఇళ్ళను పక్కనున్న పోర్టర్‌విల్ పట్టణ నీటి వ్యవస్థకు కలిపారు. ఈ కౌంటీ గృహరుణాల చరిత్ర రాయాలంటే ఆ నీటి గొట్టాల పటాన్ని కూడా రుణాల పట్టిక పక్కన పెట్టుకుని చదవాలి.