అసనవృక్ష నిర్ణయము

ఓషధుల గుణవిచారమునకు నామనిర్ణయము ప్రథమసోపానము. గ్రంథమందలి శబ్ద మొక చెట్టును, చేతిలోని కొయ్య వేఱొక చెట్టును దెలుపుచుండఁగా, రసాయనపరీక్ష యెంత సూక్ష్మముగా జరిగినను దాని ఫలము గ్రంథోక్తమునకు సాధకమును గాదు, బాధకమును గాదు. దీని కసనవృక్షము తగిన యుదాహరణము. అసనపుఁ గొయ్యతోఁ జేసిన గిన్నెలో రాత్రి నీరు నిలిపి, మధుమేహశమనార్థ ముదయమునఁ ద్రాగువారు నేఁ డనేకులు గలరు. ఆ గిన్నె యే చెట్టుదో తెలిసికొనుట కేవలము పాండిత్యవినోదము గాదు. రోగియొక్క మేలుకీళ్లు దానిపై నాధారపడి యున్నవి.

పూర్వపుఁ గరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు గోదావరి కిరుప్రక్కల నున్నవి. 2016లో నివి చిన్నజిల్లాలుగా విభజింపఁబడినను, నిర్మలు, ఉట్నూరు, ఆసిఫాబాదు, మంచిర్యాల, మహాదేవపురము ప్రాంతముల యడవులు టేకుచెట్లకుఁ బ్రసిద్ధములే. ఆ టేకునడుమ రెండు మహావృక్షములు పెరుగును. ఒకటి వేఁగిస, దీనినే యేగిస యనియుఁ బెద్దేగి యనియు నందురు. రెండవది నల్లమద్ది. వృక్షశాస్త్రజ్ఞులు మొదటిదానిని టెరోకార్పస్ మార్సూపియమ్ అనియు, రెండవదానిని టెర్మినేలియా టొమెంటోసా యనియుఁ బిలుతురు.

ఈ సీమ కుత్తరమునఁ బెన్‌గంగను, తూర్పునఁ బ్రాణహితను దాఁటినచో మహారాష్ట్రదేశము. మరాఠీయందు వేఁగిస ‘బిబ్లా’, నల్లమద్ది ‘ఐన్’. హిందీయందు వేఁగిస ‘బీజాసాల్’ లేక ‘విజయసార్’. నల్లమద్ది ‘సాజ్’, ‘ఆసన్’. చిక్కంతయు నీ కడపటి మాటయందే కలదు. సంస్కృతమందలి ‘అసన’ శబ్దమును, హిందీయందలి ‘ఆసన్’ శబ్దమును జెవికి నొక్కటియే. పెక్కుభాషలు కలియు నిట్టి సరిహద్దుసీమయందుఁ బేరునుబట్టి కొయ్యను గొనువాఁడు మోసపోవుట సులభము. ఈ భ్రాంతి యంగడికిఁ బరిమితము గాదు. మోనియర్ విలియమ్స్ పండితుని సంస్కృతాంగ్లనిఘంటువు (1899) సైత మసనశబ్దమునకు నల్లమద్ది శాస్త్రనామమునే యర్థముగా నిచ్చినది. దానిని జూచి యనువదించువారు తెలియకయే చెట్టును మార్చుదురు.

ఇఁక మూలగ్రంథములఁ జూతము. అమరసింహుఁడు వనౌషధివర్గమునఁ బీతసారకమునకు సర్జకము, అసనము, బంధూకపుష్పము, ప్రియకము, జీవకము అనువానిని బర్యాయములుగాఁ బఠించెను. 16వ శతాబ్దివాఁడైన భావమిశ్రుఁడు బీజక పీతసాలాది నామములను జెప్పి, యిది కుష్ఠ శ్విత్ర మేహ క్రిమి కఫములను హరించు ననెను. సుశ్రుతుఁడు మేహహరమని చెప్పిన సాలసారాదిగణమున నసనము గలదు. వాగ్భటుఁ డష్టాంగహృదయమున నొక గణమున కసనాది యనియే పేరిడెను.

ఈ నామములలో నేవి నిర్ణాయకములు? ‘అసు క్షేపణే’ యను ధాతువునుండి రోగములను ద్రోయునది యని యసనశబ్దమును సాధింపవచ్చును. కాని యీ వ్యుత్పత్తి యే యోషధికైనను జెల్లును గావున వృక్షనిర్ణయమునకుఁ జాలదు. బంధూకపుష్ప మెఱ్ఱనిది, వేఁగిసపువ్వు పసుపువన్నెది, నల్లమద్దిపువ్వు వెలవెలఁబోయినది. వర్ణసామ్య మిరుపక్షములకును గుదురదు గావున నీ నామమును నిర్ణాయకము గాదు. మిగిలినవానిలోఁ బీతసార బీజకములు రెండును బలవంతములు. వేఁగిసచేవ బంగారుచాయ గలిగి, తడిసినప్పుడు పసుపురంగు విడుచును, నల్లమద్దిచేవ ముదురుగోధుమవన్నెది. వేఁగిసకాయ గుండ్రని ఱెక్కనడుమఁ బ్రాయికముగా నొక్క గింజను ధరించును, నల్లమద్దికాయ యైదుఱెక్కలది. ఇట్లు పీతసారత్వమును బీజప్రాధాన్యమును వేఁగిసయందే యన్వయించును. భారతీయాయుర్వేద ఔషధసంహితయు నసనమన వేఁగిసయే యని యంగీకరించినది.

దేశభాషల సాక్ష్యమును గలదు. తెలుఁగు ‘వేఁగి’ తమిళమందలి ‘వేంగై’కి సోదరశబ్దము. కావున నీ చెట్టు దక్షిణదేశమునఁ బురాతనపరిచితము. సామర్లకోటలోఁ జిరకాలముండి తెలుఁగునాఁటి వృక్షములను బరిశీలించిన విలియం రాక్స్‌బరో యను వైద్యుఁడు 18వ శతాబ్దాంతమున దీనిని దన కోరమాండలు వృక్షగ్రంథమున వర్ణించి, ‘సంచి’ యను నర్థముగల ‘మార్సూపియమ్’ అను పేరిడెను. పాశ్చాత్యవైద్యులు మొదట దీని బంకను మాత్రమే గ్రహించిరి. బెరడు గంటుపెట్టిన స్రవించు నెఱ్ఱనిరస మెండి ‘కైనో’ యను పేర బ్రిటిషు ఔషధసంహిత కెక్కెను. అందలి టానిన్ అను వగరుద్రవ్య మతిసారమును గట్టుటకు వాడఁబడినది.

చేవలోని ద్రవ్యముల విచారము 20వ శతాబ్దమున సాఁగినది. కడప, చిత్తూరు కొండలలోఁ బెరుగు రక్తచందనము వేఁగిసకు సజాతీయము. 1940లో స్పేట్, ష్లేగర్ అను రసాయనజ్ఞులు రక్తచందనపుఁ గొయ్యనుండి యొక ద్రవ్యమును వేఱుపఱచి టెరోస్టిల్బీన్ అని పేరిడిరి. అదియే వేఁగిసయందును గానవచ్చినది. యష్టిమధుకమునఁ బ్రసిద్ధమైన లిక్విరిటిజెనిన్ అను ద్రవ్యమును వేఁగిసచేవలోఁ గనుఁగొనిరి.

గుణపరీక్ష లొక్కతీరుగా నడువలేదు. ఈ చెట్టునుండి తీసిన యెపికాటెకిన్ అను ద్రవ్యము మధుమేహము కల్పింపఁబడిన యెలుకల క్లోమమందలి బీటాకణములను మరలఁ బుట్టించునని 1981, 1982లలో భారతీయపరిశోధకులు ప్రకటించిరి. 1983లో నన్యు లదే పరీక్షను జేయఁగా రోగము మరలలేదు. 1997లోఁ గాశీ హిందూ విశ్వవిద్యాలయమువారు టెరోస్టిల్బీన్, మార్సుప్సిన్ అను ద్రవ్యము లెలుకల రక్తమందలి చక్కెరను దగ్గించినవని చూపిరి. 1998లో భారతీయ వైద్యపరిశోధనమండలివారు విజయసారము నిచ్చి మనుష్యులయందుఁ జేసిన పరీక్ష ప్రకటితమయ్యెను. క్రొత్తగా మధుమేహము బయల్పడిన 97 మందిలో 67 మందికిఁ బండ్రెండు వారములలో రక్తశర్కర యదుపులోనికి వచ్చెను. ఇది యాశాజనకమే, కాని యది బహిరంగపరీక్ష. ఔషధ మెఱిఁగియే యిచ్చిరి, ఎఱిఁగియే పుచ్చుకొనిరి. పథ్యముచేఁ గలిగిన మేలెంతయో, మందుచేఁ గలిగిన మేలెంతయో దానివలన నేర్పఱుపరాదు.

ఇచట నొక సూక్ష్మము గలదు. టెరోస్టిల్బీన్ నీటఁ గరఁగుట యత్యల్పము. కావున నా ద్రవ్యమునుగూర్చిన ఫలితమును గిన్నెనీటి కారోపించుట హేతువిరుద్ధము. మోతాదు నిర్ణయించి యిచ్చిన యౌషధమును, ఒక రాత్రి కొయ్యలో నిలిచిన నీరును సమానములు గావు. వాడిన కొలఁది గిన్నెయందలి సారమును క్షీణించును. వైద్యుఁడిచ్చిన మందు మాని దీనినే నమ్ముకొనుట యపాయకరము.

ఇఁక నల్లమద్దియందు ఎల్లాజిక్ వర్గపు టానినులు, ఒలియనోలిక్ వర్గపు ట్రైటర్పీనులు మున్నగునవి గలవు. అవి వేఱు ద్రవ్యములు. వేఁగిసపరీక్షలయందలి సంఖ్య లొక్కటియు వానికిఁ జెల్లవు. రెంటిని భేదించు సులభలక్షణ మొకటి గలదు. వేఁగిసచేవముక్కను నీట నానవేసినచో నీరు పసుపువన్నె కెక్కి, వెలుఁగున కెదురుగాఁ బట్టినప్పుడు నీలికాంతి నీనును. పీతసార మను ప్రాచీననామ మిట్లు నీటియందే ప్రత్యక్షమగును.

కావున నమరము చెప్పు పండితు లసనశబ్దమునకు వేఁగిస యని యర్థము చెప్పి, నల్లమద్ది కాదని యొకమాట చేర్చుట మేలు. కరీంనగరు, వరంగల్లు జిల్లాల యోషధులను గూర్చి కొప్పుల హేమాద్రిగారు 1990లోఁ బ్రకటించిన వ్యాసమువంటి కృషి యింకను విస్తరింపవలయును. గోండు, కొలాము, నాయకపోడు జనుల నోటనున్న చెట్లపేళ్లు చెట్టును జూపించుకొని వ్రాసికొనఁదగినవి. జాగు చేయరాదు. కలపకొఱకును మందుకొఱకును నఱకఁబడి వేఁగిస తఱిగిపోవుచున్నది. ప్రపంచ ప్రకృతిసంరక్షణ సంఘమువారు దీనిని నపాయమునకుఁ జేరువైన జాతులలోఁ జేర్చిరి. చెట్టే లేనినాఁడు నామనిర్ణయమున కాధార మేది? విజ్ఞులు విచారింతురు గాక.