కంటికి ఆనని గ్రహణం

2023 మే 5, వైశాఖ పూర్ణిమ. రాత్రి 8.44 నుంచి ఒంటిగంట దాకా చంద్రగ్రహణమని టీవీలు హోరెత్తించాయి. మేడలెక్కిన వాళ్లకు కనిపించింది నిండు చంద్రుడే. 10.52కి గ్రహణం ముదిరిన వేళ కూడా, కళ్లు చిట్లించి చూసినవాళ్లకు ఉత్తరపు అంచున కాస్త పొగచూరినట్టు అనిపించిందంతే. పంచాంగాలు ఇలాంటి గ్రహణాలకు పట్టువిడుపుల లెక్క వేయవు. ఆర్యభటుడు 499లో చంద్రగ్రహణానికి కారణం భూమి నీడేనని చెప్పి కొలతలు కట్టింది నల్లని అసలు నీడకు, అంటే ప్రచ్ఛాయకు. సిద్ధాంతులు ఈనాటికీ చూసుకునేది దాన్నే.

సూర్యుడు చుక్క కాదు, పెద్ద బింబం. అందుకే భూమికి రెండు నీడలు. సూర్యుణ్ణి భూమి పూర్తిగా కప్పేసిన చోట ప్రచ్ఛాయ, కొంతే కప్పిన చోట ఉపచ్ఛాయ. ఉపచ్ఛాయ గ్రహణం నాడు చంద్రుడి మీద నిలబడి చూస్తే పాక్షిక సూర్యగ్రహణం కనిపిస్తుంది. ప్రచ్ఛాయ చుట్టూ ఉన్న ఈ పలచని పట్టీ వెడల్పు ఇంచుమించు చంద్రుడంతే. చంద్రుడు అసలు నీడ తగలకుండా పూర్తిగా ఇందులోనే ఇమడడం అరుదు. 2006 మార్చిలో అలా జరిగింది, మళ్లీ 2053 ఆగస్టులోనే.

కనబడని ఈ గ్రహణాన్ని మొదట పట్టింది కన్ను కాదు, లెక్క. 223 చాంద్రమాసాలకు గ్రహణాల వరస తిరిగి వస్తుందని బాబిలోనియా వాళ్లు గమనించారు. ఆ వ్యవధిలో చంద్రగ్రహణానికి 38 అవకాశాలు: ఆరేసి నెలల ఎడంతో 33, అయిదేసి నెలల ఎడంతో 5. అవకాశం ఉన్న రాత్రి కాపు కాసినా గ్రహణం కనబడకపోతే, ఆ మాటనూ మట్టిపలకల మీద రాసిపెట్టారు. అలా ఖాళీగా పోయిన రాత్రుల్లో కొన్ని ఉపచ్ఛాయ గ్రహణాలే అయి ఉండాలి.

18 ఏళ్ల 11 రోజుల 8 గంటల ఈ చక్రానికి సారోస్ అని 1691లో పేరు పెట్టింది ఎడ్మండ్ హేలీ. పేరు తప్పని 1756లో ఫ్రెంచి ఖగోళవేత్త లెజాంతీ అభ్యంతరం చెప్పినా చెల్లలేదు. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడం చూడాలని పుదుచ్చేరి వచ్చి మబ్బు పట్టి భంగపడ్డది ఈయనే. తమిళ పంచాంగకర్తల గ్రహణ గణితం నేర్చుకున్నదీ అక్కడే.

చక్రం అచ్చంగా తిరగదు. 223 చాంద్రమాసాలంటే 6585.32 రోజులు. చంద్రుడి దారి సూర్యుడి దారిని ఖండించే చోట్లే రాహు, కేతు స్థానాలు. వాటిలో ఒకదాన్ని చంద్రుడు 242 సార్లు దాటడానికి పట్టేది 6585.36. ఈ కాస్త తేడాతో చంద్రుడు ప్రతి ఆవృత్తికీ నీడలో కొంచెం పక్కకు జరుగుతాడు. కాబట్టి ఒక్కో చక్రం ఎడంతో వచ్చే గ్రహణాల వరస ప్రతిదీ ఉపచ్ఛాయ అంచు తాకుతూ పుడుతుంది, నీడ నడిమికి చేరుతుంది, అవతలి అంచున ఆరిపోతుంది. 1608లో పుట్టిన 141వ వరస నాలుగు వందల ఏళ్లు దాటినా ఇంకా ఉపచ్ఛాయలోనే ఉంది. 2041 మే 16న గానీ అసలు నీడను తాకదు.

ఆస్ట్రియా ఖగోళవేత్త ఓపోల్జర్ 1887లో 5,200 చంద్రగ్రహణాలకు పట్టిక కట్టాడు గానీ, ఉపచ్ఛాయ గ్రహణాలను అందులో చేర్చలేదు. తర్వాత ఖగోళ గణకులు ఎస్పెనాక్, మీయస్ అయిదు వేల ఏళ్ల కాలానికి వేసిన పట్టికలో ఉన్నవి 12,064. వాటిలో 4,378 ఉపచ్ఛాయ గ్రహణాలే. పాక్షికాల కన్నా, సంపూర్ణాల కన్నా ఇవే ఎక్కువ!

1984 జూన్ 13న 149వ వరస పుట్టింది. వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న 747లో మొదలైన 110వ వరసకు 2027 జులై 18, ఆషాఢ పూర్ణిమ నాడు 72వది, ఆఖరిది. మన రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో పన్నెండు నిమిషాలో ఏమో, అంచు ఒరుసుకుని పోతుంది. దూరదర్శినితో చూసినా తెలియదు. ఆగస్టు 17న మరో ఉపచ్ఛాయ గ్రహణం. సూర్యుడు రాహుకేతు స్థానానికి బాగా దగ్గరగా ఉండగా అమావాస్య పడితే, అటూ ఇటూ ఉన్న పౌర్ణములు ఇలా అంచునే తాకుతాయి. నడుమ ఆగస్టు 2న ఈజిప్టులోని లక్సర్ దగ్గర ఆరు నిమిషాలకు పైగా సంపూర్ణ సూర్యగ్రహణం. విమానం టికెట్లు కొనేవాళ్లంతా దానికోసమే.