తెరమీద కలం

చదవటం ఒక ఎత్తు, రాయటం ఇంకో ఎత్తు. మన ముత్తవ్వల కాలంలో ఆడపిల్లకి చాకలిపద్దు రాసేపాటి చదువొస్తే చాలనుకునేవారు. పుస్తకం చదువుకుంటే పోనీలే అని వూరుకున్న ఇళ్ళలో కూడా, ఆవిడ కలం పట్టి నాలుగు ముక్కలు రాసి పత్రికకి పంపిందంటే నొసళ్ళు ముడిపడేవి. చదివేవాళ్ళు వేలమంది, రాసేవాళ్ళు పదిమంది. ఏ కాలంలో చూసినా లెక్క ఇంతే.

ఈ లెక్కని తారుమారు చేద్దామని పుట్టిన సాధనం ఒకటి మన కళ్ళముందే వుంది. అదే, ఇంటర్‌నెట్‌లో మనం రోజూ చూసే వెబ్ పేజీ. పుట్టినప్పుడు దానికి చదివే కన్నూ, రాసే చెయ్యీ రెండూ వున్నాయి. కొద్ది కాలంలోనే చెయ్యి పోయి కన్ను మిగిలింది. ఆ చేతిని తిరిగి అతికించటానికి ముప్ఫయ్యేళ్ళకి పైగా సాగుతున్న ప్రయత్నమే 'విజువల్ ఎడిటర్' కథ. పేరు చూసి కంగారుపడకండి. ఒక మాటని లావుగా రాయాలనుకుని బటన్ నొక్కితే, అప్పటికప్పుడు తెరమీద ఆ మాట లావుగా కనబడుతుంది చూడండి, ఆ రాతపలకే విజువల్ ఎడిటర్ అంటే.

ఇందులో ఏముంది వింత అంటారేమో. వింతే మరి! వెనకటి కంప్యూటర్లలో అలా వుండేది కాదు. మాటకి ముందొక గుర్తూ వెనకొక గుర్తూ పెట్టాలి. అచ్చయి వచ్చేదాకా అది లావుగా పడిందో లేదో దేవుడికెరుక. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ వాళ్ళ పరిశోధనాలయంలో 1973లో 'ఆల్టో' అనే కంప్యూటర్ తయారైంది. 1974లో బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమొన్యీ, వాళ్ళ సహచరులు కలిసి దానిమీద 'బ్రావో' అనే రాత ప్రోగ్రాం రాశారు. తెరమీద ఎలా కనబడితే కాగితంమీదా అలాగే అచ్చయ్యే పద్ధతికి అదే నాంది.

ఈ పద్ధతికి 'నువ్వు చూసేదే నీకు దక్కేది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు స్థిరపడింది. ఆ మాట ఏ పండితుడి నోటినుంచో ఊడిపడిందనుకునేరు! ఆ రోజుల్లో అమెరికా టెలివిజన్‌లో ఫ్లిప్ విల్సన్ అనే హాస్యనటుడు ఆడవేషం కట్టి జెరాల్డీన్ అనే గడుసుపిల్లగా నటించేవాడు. ఆ పిల్ల నోటి వూతపదం అది. అంత పెద్ద శాస్త్రానికి అంత చిన్న వేషం పేరు పెట్టిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

అక్కడే లారీ టెస్లర్, టిమ్ మాట్ అనే ఇద్దరు, బోస్టన్ దగ్గరి ఒక పాఠ్యపుస్తకాల సంస్థ కోసం 'జిప్సీ' అనే మరో ప్రోగ్రాం చేశారు. ముందుగా వెళ్ళి ఆ సంస్థలో సంపాదకులు ఎలా పని చేస్తారో చూశారు. వాళ్ళు కత్తెరతో కాగితం కత్తిరించి, జిగురుతో ఇంకోచోట అతికించేవారు. మనం ఇవాళ అలవోకగా వాడే 'కట్', 'పేస్ట్' ఆ కత్తెరా, ఆ జిగురూనే. పనిచేసేవాళ్ళ పక్కన కూచుని నేర్చుకున్న విద్య కాబట్టే యాభై ఏళ్ళయినా నిలిచింది.

ఇక అసలు కథకి వద్దాం. జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో ఒక ప్రతిపాదన రాసిచ్చాడు. 1990 చివరికల్లా నెక్స్ట్ అనే కంప్యూటర్‌మీద మొట్టమొదటి బ్రౌజరు తయారుచేశాడు. గమనించండి, అది వట్టి బ్రౌజరు కాదు, ఎడిటర్ కూడా. పేజీ చదువుతూ చదువుతూ అక్కడే దిద్దుకోవచ్చు, కొత్త పేజీ రాసుకోవచ్చు, ఒకదానికొకటి లంకె వేసుకోవచ్చు. తెరవెనక వుండే సంకేతాల భాష మామూలు మనిషి కంట పడకూడదనే ఆయన వుద్దేశం.

చిక్కెక్కడ వచ్చిందంటే, నెక్స్ట్ కంప్యూటర్లు ఖరీదైనవి, బహు కొద్దిమంది దగ్గరే వుండేవి. మిగతావాళ్ళ మాటేమిటి? అప్పుడు సెర్న్‌లో పనిచేయటానికి వచ్చిన నికోలా పెలో అనే గణితశాస్త్ర విద్యార్థిని, 1991లో ఏ కంప్యూటర్‌మీదైనా నడిచే చిన్న బ్రౌజరు రాసిచ్చింది. వెబ్ ప్రపంచమంతా పాకిందంటే ఆ అమ్మాయి పుణ్యం చాలా వుంది. కాకపోతే దాంతో చదవటమే గాని రాయటం కుదరదు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఆండ్రీసన్, ఎరిక్ బైనా 'మొజాయిక్' తయారుచేశారు. అక్షరాల మధ్య బొమ్మలొచ్చాయి, జనం విరగబడ్డారు. అందులోనూ పేజీ దిద్దే వీలు లేదు. చెయ్యి పోయి కన్ను మిగిలిందన్నది ఇందుకే.

అప్పట్నించీ రాయదలచినవాళ్ళకి సంకేతాల భాష తప్పనిసరి అయింది. దాన్ని హెచ్‌టీఎంఎల్ అంటారు. ప్రతి మాటకీ కొక్కేల్లాంటి గుర్తులు తగిలించాలి. ఒక్క కొక్కెం మూయకపోతే పేజీ సగంనుంచీ అంతా లావుగానో వాలుగానో పడుతుంది. నేర్చుకోలేనిదేం కాదు, మగ్గం పనికన్నా కష్టం కాదు. కాని తాను చెప్పదలచిన మాటకోసం కలం పట్టే మనిషిని ముందు మగ్గం నేర్చుకు రమ్మంటే ఎంతమంది వస్తారు?

ఆ ఇబ్బందిలోంచే వ్యాపారం పుట్టింది. వెర్మీర్ అనే అమెరికన్ సంస్థ 1995లో 'ఫ్రంట్‌పేజ్' అనే విజువల్ ఎడిటర్ తెచ్చింది. ఆ వెర్మీర్ పాతకాలపు డచ్చి చిత్రకారుడి పేరు. 1996 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్ళు దాన్ని సుమారు 13 కోట్ల డాలర్లకి కొనేశారు. అదే ఏడాది నెట్‌స్కేప్ వాళ్ళు తమ బ్రౌజర్‌లో ఎడిటర్ చేర్చి 'గోల్డ్' అని పేరు పెట్టారు. 1997 డిసెంబరులో మాక్రోమీడియా వాళ్ళ 'డ్రీమ్‌వీవర్' వచ్చింది. 1994లో మొదలైన జియోసిటీస్‌లో ఎవరైనా ఉచితంగా పేజీ పెట్టుకోవచ్చు. దాంట్లో పేటలుండేవి. సంసారం, పిల్లలు, ఇల్లు గురించి రాసుకునేవాళ్ళ పేట పేరు హార్ట్‌ల్యాండ్. 1999లో యాహూ దాన్ని కొన్నది, 2009లో మూసేసింది. ఎందరి ఇళ్ళో ఒక్కపెట్టున కూలాయి. ముందుచూపున్నవాళ్ళు కొందరు పూనుకుని నకళ్ళు తీసి దాచబట్టి కొన్నయినా మిగిలాయి.

ఈ ఎడిటర్ల మీద పెద్ద చదువులవాళ్ళకి ఒక ఫిర్యాదు వుండేది. అదేమిటో మనకి చప్పున అర్థమవుతుంది. కుట్టుపని తెలిసినవాళ్ళు ఎంబ్రాయిడరీ చూడగానే ఏం చేస్తారు? గుడ్డ తిరగేసి వెనకవైపు చూస్తారు! ముందు గులాబి పువ్వు బ్రహ్మాండంగా వుంటుంది, వెనక దారాలు చిక్కుపడి గడ్డలు గడ్డలుగా వుంటాయి. తొలిరోజుల ఎడిటర్ల పనీ అంతే. పైకి ముచ్చటైన పేజీ, వెనక అక్కర్లేని సంకేతాల చిక్కు. ఫిర్యాదు న్యాయమైనదే. అయితే దారాలు చిక్కుపడ్డాయని కుట్టటమే మానెయ్యమనటం మాత్రం న్యాయం కాదు. ఆ తర్వాత తయారైన మంచి ఎడిటర్లు వెనకవైపు కూడా శుభ్రంగా కుట్టటం నేర్చుకున్నాయి.

ఎడిటర్‌ని విడిగా కొనుక్కునే అవసరం కూడా పోయింది. 2000లో వచ్చిన ఇంటర్‌నెట్ ఎక్స్‌ప్లోరర్ 5.5 తో, పేజీలో ఒక భాగాన్ని అక్కడికక్కడే రాసుకోదగ్గ పలకగా మార్చే సౌకర్యం చేరింది. ఆ దారిలోనే ఇవాళ 'సీకేఎడిటర్' అని పిలిచేది 2003లోనూ, 'టైనీఎంసీఈ' 2004లోనూ వచ్చాయి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ 2005 చివర్లో టైనీఎంసీఈని తనలో చేర్చుకున్నది. 2018 డిసెంబరులో అదే వర్డ్‌ప్రెస్, పేజీని ముక్కలుముక్కలుగా పేర్చుకునే కొత్త ఎడిటర్ తెచ్చి, అచ్చుయంత్రం గూటెన్‌బర్గ్ పేరు పెట్టింది. పాత వంటిల్లే బాగుందన్నవాళ్ళు కోకొల్లలు. పాత ఎడిటర్‌ని తిరిగి తెచ్చే పొడిగింపు 50 లక్షల పైచిలుకు సైట్లలో చేరింది.

మనకి సంబంధించిన ఘట్టం వికీపీడియాది. 2001లో మొదలైన ఆ విజ్ఞానసర్వస్వాన్ని ఎవరైనా దిద్దవచ్చు. ఎవరైనా అంటే ఎవరు? 2010 నాటి ఒక సర్వేలో, రాసేవాళ్ళలో ఆడవాళ్ళు నూటికి 13 మంది కూడా లేరని తేలింది. అప్పుడు దాన్ని నడిపే ఫౌండేషన్‌కి అధికారిణిగా వున్న స్యూ గార్డ్‌నర్, 2011 ఫిబ్రవరిలో స్త్రీలు రాయకపోవటానికి వాళ్ళు చెప్పిన కారణాలు తొమ్మిది పోగుచేసింది. మొదటి కారణం రాసే పలక సులువుగా లేకపోవటం. తర్వాతివి: తీరిక లేదు, నమ్మకం చాలదు, తగవులంటే ఇష్టం లేదు, రాసింది ఎవరో వచ్చి కొట్టేస్తారు... చదువుతుంటే ఎక్కడో విన్న మాటల్లా లేవూ?

2013 జులైలో ఇంగ్లీషు వికీపీడియాలో విజువల్ ఎడిటర్‌ని అందరి ముందూ పెట్టారు. పాతకాపులు మండిపడ్డారు. నెమ్మదిగా వుంది, తప్పులు చేస్తోందన్నారు. అందులో నిజం లేకపోలేదు. సెప్టెంబరుకల్లా దాన్ని, కావాలని అడిగినవాళ్ళకే అన్నట్టు వెనక్కి పెట్టారు. తర్వాత బాగుచేసి మెల్లగా తిరిగి తెచ్చారు. మొదటి కారణానికి మందు దొరికింది గాని, తక్కిన ఎనిమిదింటికీ ఏ బటనూ లేదు. తీరికనీ ధైర్యాన్నీ టూల్‌బార్‌లో పెట్టలేం కదా!

మన తెలుగు సంగతి మరీ చిత్రం. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది, 128 గదులు. అయినా చాలాకాలం మన పేజీలు ఎవరి సొంత ఫాంటుతో వాళ్ళు తయారుచేసేవారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెలుగు బదులు పిచ్చిగీతలు ప్రత్యక్షమయ్యేవి. చూసిందే దక్కటమెక్కడిది? యూనికోడ్ వాడకంలోకి వచ్చాకే ఆ బాధ తగ్గింది. ఇప్పటికీ చిన్న తమాషా వుంది. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. యంత్రం కడుపులో అది ఆరు ముక్కలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వెనక్కి చెరిపే మీట నొక్కితే చాలాచోట్ల ఒక్కో ముక్కే వూడుతుంది. స్త్రీని అర్థం చేసుకోవాలంటే ఆరుసార్లు నొక్కాలన్నమాట!

ఎడిటర్ దొరికినంత మాత్రాన పని అయిపోదు, దాన్ని అమర్చుకోవాలి. మా వీధి ఆడవాళ్ళ పుస్తకాల సంఘానికి ఒక చిన్న వెబ్ పేజీ వుంది. దాని ఎడిటర్ అమర్చే పని నేను పెట్టుకున్నాను. నలభై బటన్లదాకా పెట్టే వీలుంది. పోపులపెట్టె వుంది కదా అని పులుసులో అన్నీ వేస్తామా? రంగులూ, రకరకాల ఫాంట్లూ తీసేశాను. శీర్షిక, లావు, వరస పట్టీ, లంకె, బొమ్మ, 'వెనక్కి' వుంచాను. ఇది అంత గొప్ప విద్యేం కాదు. అమరికలో ఒక్క వరసలో ఆ బటన్ల పేర్లు రాస్తే సరిపోతుంది.

ఇంకో నాలుగు జాగ్రత్తలు చెబుతాను. పేజీ వేషధారణకి సీఎస్ఎస్ అనే పత్రం ఒకటి వుంటుంది. దాన్ని 1994లో హాకన్ లీ ప్రతిపాదించాడు. మన పేజీ వాడే పత్రాన్నే ఎడిటర్‌కి కూడా చూపించాలి. లేకపోతే రాసేటప్పుడు ఒక రూపు, ప్రచురించాక మరో రూపు. రెండోది, శీర్షికని వట్టి లావు అక్షరాలతో కాకుండా శీర్షిక బటన్‌తోనే పెట్టాలి. చూపులేనివాళ్ళకి పేజీ చదివి వినిపించే యంత్రం శీర్షికల ఆనవాలు పట్టుకునే నడుస్తుంది. బొమ్మకి కూడా ఒక వాక్యం వివరణ రాయాలి. మూడోది, వేరేచోట టైపు చేసింది తెచ్చి అతికిస్తే దాని మట్టీ మశానం కూడా వస్తాయి, అందుకని వట్టి అక్షరాలే లోపలికి వచ్చేలా చూసుకోవాలి. నాలుగోది, ఏ సంకేతాలు అనుమతిస్తామో పట్టీ రాసిపెట్టుకోవాలి. లోపల ప్రోగ్రాం దాచి పంపే తుంటరులుంటారు. ఆ జల్లెడ ఎడిటర్‌లోనే కాదు, పేజీలు దాచే సర్వర్ దగ్గర కూడా వుండాలి.

మా పెద్దొదినకి డెబ్భైనాలుగేళ్ళు. తన పుట్టింటివైపు పెళ్ళిపాటల గురించి రాయటానికి కూచుని, "అమ్మాయ్, ఇది నొక్కితే రాసిందంతా పోతుందేమోనే?" అంది.

"పోదు వదినా, 'వెనక్కి' నొక్కు, మళ్ళీ వస్తుంది."

నొక్కి చూసింది. పోయిన వాక్యం తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆవిడ నన్ను పిలవనే లేదు. సాయంత్రానికి మూడు పేజీలు రాసింది. ఆ పాటల్లో సగం నేనెప్పుడూ వినలేదు.

నన్నడిగితే ఈ ముప్ఫయ్యేళ్ళ కథ సారాంశం ఇదే. చరిత్ర అంటే రాసినవాళ్ళు రాసిందే మిగులుతుంది. రాయటానికి అడ్డం ఎంత చిన్నదైనా, ఒక కొక్కెమంత గుర్తే అయినా, దాని వెనక ఎందరి మాటలో ఆగిపోతాయి. అడ్డం తీసేశాక కూడా రాయకపోతే ఆ ఖాళీని ఇంకెవరో తమకి తోచినట్టు నింపుతారు. మన అమ్మల వంటలూ, పాటలూ, కష్టాలూ మనకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? వంటింటి పని తెమిలాక ఓ అరగంట ఆ పలక ముందు కూచోండి. చెడగొడతామేమో అన్న భయం వద్దు, 'వెనక్కి' బటన్ వుండనే వుంది.