తెల్ల చిట్టెలుక పుట్టుపూర్వోత్తరములు

ఖమ్మము నుండి పాల్వంచ మీదుగా భద్రాచలమునకు పోవు త్రోవలో, వరిచేలు ముగిసి అడవి మొదలగు సరిహద్దు పల్లెలయందు, కోతల కాలమున గట్ల వెంబడి జెర్రిపోతు ప్రాకుట చూడని రైతు ఉండడు. అది ఎలుక బొరియలో దూరును, దొరకిన దానిని పిల్లలతో సహా మ్రింగును, మరల గట్టు మీదికి వచ్చి ఎండ కాచుకొనును. ఈ వ్యవహారమున మనుష్యునకు పాత్ర లేదు, కనుక బాధ్యతయు లేదు. కాని నగరమున ఒక గాజుపెట్టెలో, ఆఫ్రికా ఖండమునుండి వచ్చిన బాల్ పైథాన్ అను చిన్న కొండచిలువను ముచ్చటపడి పెంచుకొనువాని సంగతి వేరు. వారమునకో పదిదినములకో ఒకమారు ఆ పామునకు అతడు పెట్టు తెల్ల చిట్టెలుక పొలములో పుట్టినది కాదు. పిల్లికి గాని గ్రద్దకు గాని చిక్కక తప్పించుకొను నేర్పు దానికి లేదు. దాని రంగును, సాధుత్వమును, తుదకు దాని చావును గూడ నిర్ణయించినవాడు మనుష్యుడే. దాని వంశచరిత్ర తెలిసినగాని దానియెడల మనము తీర్పవలసిన ఋణమెట్టిదో తెలియదని నా నమ్మకము.

ఇంటి చిట్టెలుక మనుష్యుని చేరిన కథ వ్యవసాయము కంటెను పాతది. జనులు ఇంకను సేద్యము నేర్వక, కాని ఒక్కచోట గుడిసెలు వేసికొని స్థిరపడ నారంభించిన కాలమున, అనగా సుమారు 15,000 సంవత్సరముల క్రిందటనే, పశ్చిమాసియాలో అది వారి నెలవులలో చేరెనని, త్రవ్వకములయందు దొరకిన దాని దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. గాదెలు వెలసిన పిదప గాదెలతోను, ఓడలు నడచిన పిదప ఓడలతోను అది భూమండలమంతయు వ్యాపించెను. ఇంతవరకు అది మన వెంట వచ్చినదే గాని మనము పిలిచినది కాదు. గుంపులో ఎప్పుడో అరుదుగా పుట్టు తెల్లనిదానిని, ఎఱ్ఱ కన్నులదానిని, చంపక పట్టి సాకిన నాటి నుండి దాని చరిత్ర వేరు త్రోవ పట్టెను.

ఈ సాకుడు ఒక విద్యగా పెరిగినది జపానులో. 1787లో క్యోటో నగరమున చింగాన్ సొదతెగుస అను చిన్న పుస్తకము వెలువడెను. రంగురంగుల చిట్టెలుకలను పెంచు విధమును, ఎట్టి జతను కలిపిన ఎట్టి పిల్లలు పుట్టునన్నదియు అందు వివరింపబడెను. మెండెల్ మహాశయుడు బఠాణీ మొక్కలతో వంశపారంపర్య సూత్రములను ప్రకటించుటకు ఇది ఇంచుమించు ఎనుబది ఏండ్లు ముందు. ఆ చిట్టెలుకల సంతతి వర్తకుల వెంట ఐరోపాకు చేరెను. 1895 నాటికి ఇంగ్లండులో వాని పెంపకమునకై ఒక జాతీయ సంఘమే ఏర్పడెను.

ఇచ్చట ఒక స్త్రీని గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రపు గ్రాన్‌బీ గ్రామమున ఆబీ లాత్రోప్ అను మాజీ ఉపాధ్యాయిని, కోళ్ల పెంపకము కలిసిరాకపోగా, 1900 ప్రాంతమున ముచ్చటకు పెంచుకొనువారికి అమ్మవచ్చునని చిట్టెలుకలను తెచ్చి గడ్డి పరచిన కొయ్యపెట్టెలలో పెంచ నారంభించెను. అవి కొద్దికాలములోనే వేలకు వేలుగా పెరిగెను. ముచ్చటకు కొనువారి వెనుకనే హార్వర్డు విశ్వవిద్యాలయపు విలియం కాజిల్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆమె వాకిటికి వచ్చిరి. ఆమె కేవలము అమ్మకముతో తృప్తి చెందక, ఏ తల్లికి ఏ పిల్ల పుట్టినదో వ్రాసియుంచెను. కొన్ని చిట్టెలుకల చర్మముపై కంతులు లేచుట గమనించి, పరీక్షకై శాస్త్రజ్ఞులకు పంపి, వారితో కలిసి పరిశోధన వ్యాసములు ప్రకటించెను. ఆమె 1918లో మరణించినను, ఆమె పెంచిన చిట్టెలుకల సంతతి నేటికిని లోకమందలి అనేక ప్రయోగశాలలయందు కలదు. కాజిల్ శిష్యుడైన క్లారెన్స్ లిటిల్ 1909లో ఒకే కాన్పు పిల్లలను తరతరములు కలుపుచు శుద్ధవంశమును నిర్మింప మొదలిడెను. 1929లో జాక్సన్ ప్రయోగశాలను స్థాపించెను. ఇంత చరిత్రలో లాత్రోప్ పేరు పలుకువారు తక్కువగుట నాకు అన్యాయముగనే తోచుచున్నది.

మనదేశమున మిక్కిలి వాడుకలో నున్న స్విస్ తెల్ల చిట్టెలుక వంశము మరొకటి. 1926లో క్లారా లించ్ అను శాస్త్రవేత్త స్విట్జర్లాండులోని లోజాన్ నుండి రెండు మగవానిని, ఏడు ఆడువానిని న్యూయార్కునకు తెచ్చుకొనెను. ఆ తొమ్మిదింటి సంతానమే నేడు పలుదేశముల ప్రయోగశాలలయందు పెరుగుచున్నది. మన తెలుగునేలతో ఈ కథకు సంబంధము కలిగినది పౌష్టికాహార పరిశోధన మూలమున. పరిశోధకుడు రాబర్టు మెక్కారిసన్ కూనూరులో 1918లో ప్రారంభించిన శాలయందు, భారతదేశములోని వేర్వేరు ప్రాంతముల జనుల భోజనములను పెద్ద ఎలుకలకు పెట్టి వాని పెరుగుదలను పోల్చెను. ఆ శాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు దాల్చెను. పరిశోధనకు వలయు జంతువులను శాస్త్రీయముగా పెంచు కేంద్రమును అందులో భాగమయ్యెను.

ప్రయోగశాలకై తీర్చిన ప్రాణి పామునకు ఆహారమైన కథ దీనికి సమాంతరముగా నడచెను. 1849లో లండను జంతుప్రదర్శనశాలయందు లోకమున మొట్టమొదటి సర్పగృహము తెరచినప్పుడు, ప్రాణముతో నున్న కుందేళ్లను పక్షులను పాములకు వేసెడివారు. చూడవచ్చిన జనులలో కొందరు దానిని గట్టిగా ఆక్షేపించిరి. పాముల పెంపకము గృహస్థుల వ్యాసంగమై, పాములు ఇండ్లలోనే గ్రుడ్లు పెట్టి పొదుగు స్థితి వచ్చిన పిదప, గత శతాబ్దపు చివరి దశాబ్దములలో అమెరికా ఐరోపాలయందు చిట్టెలుకలను ఇందుకే పెంచి, చంపి, గడ్డకట్టించి అమ్ముట పెద్ద వర్తకమయ్యెను. రోమము మొలవని పసిపిల్లను పింకీ యని, నూగు వచ్చినదానిని ఫజ్జీ యని, గెంతులు నేర్చినదానిని హాపర్ అని పెంపకందార్లు పిలుతురు. పాము దేహమున మిక్కిలి లావైన భాగమునకు సరిపోవు లావుగల ఎరను పెట్టవలెనన్నది వారి లెక్క.

ఇక చిట్టెలుక పెంపకము. తల్లి గర్భకాలము 19 నుండి 21 దినములు. పుట్టిన పిల్ల చర్మము ఎంత పలుచనిదనగా, అది త్రాగిన పాలు కడుపులో తెల్లని మచ్చవలె పైకి కనబడును. ఆ మచ్చ ఉన్నదా లేదా యని చూచియే తల్లి పాలిచ్చుచున్నదని తెలిసికొందురు. రెండు వారములకు కన్నులు తెరచును, మూడు వారములకు పాలు మానును, రెండు మాసములు నిండకమునుపే తానే తల్లి కాగలదు. దానికి గూడు కట్టుకొనుటకు కాగితపు పీలికలో మెత్తని గడ్డియో కావలెను; దాగుటకు చీకటి మూల కావలెను; నిరంతరము నీరు కావలెను. మన ప్రాంతపు వేసవి దానికి పరమశత్రువు. కొత్తగూడెము భద్రాచలములలో ఎండ నలుబది ఐదు డిగ్రీలను తాకు దినములును కలవు. చెమట పట్టని ఈ ప్రాణి ఆ వేడికి ఉమ్మితో రోమము తడుపుకొని సొమ్మసిల్లి చచ్చును. చల్లని గది అమర్చలేనివాడు ఈ పని పెట్టుకొనరాదు.

దానిని పట్టుకొనుటలో గూడ అనాదిగా ఒక తప్పు నడచుచున్నది. తోక పట్టి పైకెత్తుట అందరికిని అలవాటు. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయమున జేన్ హర్స్ట్, రెబెక్కా వెస్ట్ అను ఇరువురు 2010లో ప్రకటించిన పరిశోధన, తోక పట్టిన చిట్టెలుకలు మనిషి చేతిని చూచి బెదరి దూరముగా పోవుననియు, గొట్టములో గాని దోసిట గాని ఎత్తినవి తామే దగ్గరకు వచ్చుననియు స్థాపించెను. ఒక అట్టగొట్టమును పెట్టెలో దాని ముందు ఉంచుడు: మొదట మీసములు కదలించి అంచును వాసన చూచును, ఒక కాలు లోపల పెట్టి ఆగును, పిదప వీపు వంచి లోనికి దూరి కూర్చుండును. గొట్టమును అట్లే ఎత్తి మరొక పెట్టెలోనికి వంచిన చాలును. దీనికి ఖర్చు లేదు, ఆలస్యము లేదు. అయినను చేయువారు తక్కువ.

చావు విషయమున మాట దాచరాదు. పామునకు ప్రాణముతో నున్న చిట్టెలుకను వేయుట సహజమని వాదించువారు కలరు. అడవిలో చిట్టెలుకకు పారిపోవు త్రోవ కలదు, గాజుపెట్టెలో లేదు. ఆకలి లేని పామును ఆ చిట్టెలుకయే రాత్రి కొరికి పుండు చేయుటయు కలదు. కావున ముందుగా చంపి పెట్టుటయే ఇరు ప్రాణులకును మేలు. అనుభవజ్ఞుని చేతిలో మెడ ఎముక కీలును క్షణములో తప్పించుట ఒక పద్ధతి. కార్బన్ డయాక్సైడు వాయువు మరొకటి. పెట్టె పరిమాణములో నిమిషమునకు నూటికి 30 నుండి 70 వంతుల చొప్పున క్రమముగా నింపవలెనని అమెరికా పశువైద్య సంఘము 2020లో విధించెను. ఆ వాయువు ముక్కును మండించి బాధించునను ఆక్షేపణ నేటికిని తీరలేదు. పది దినములు నిండని పిల్లలు ఆ వాయువును చాలసేపు తాళుకొనును. చచ్చినవనుకొని తీసినవి మరల కదలుట కలదు. అట్టివానిని బ్రతికియుండగనే ఫ్రీజరులో పెట్టు దుష్టాచారమును మాత్రము ఏ విధముగను సమర్థింపజాలము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము మనుష్యుడు తప్ప సమస్త ప్రాణిని జంతువుగనే ఎంచినది.

గడ్డకట్టిన చిట్టెలుకను ముందురాత్రి ఫ్రిజ్జు క్రింది అరలో పెట్టి కరగించి, సంచిలో మూసి గోరువెచ్చని నీట ఉంచి, పొడవైన పట్టకారుతో అందీయవలెను. పెదవుల గుంటలతో వేడిని కనిపెట్టు పైథాన్ వెచ్చని ఎరనే అందుకొనును.

మన సరిహద్దు పల్లెలలో మాత్రము పాముల పెంపకమునకు తావు లేదు. నాగుపాము, కట్లపాము, జెర్రిపోతు, మన కొండచిలువ, వేనిని గాని ఇంట నుంచుకొనుటను 1972 నాటి వన్యప్రాణి చట్టము నిషేధించినది. విదేశీ పాములలో అంతర్జాతీయ ఒప్పందపు పట్టికల కెక్కినవానిని పెంచువారు 2024 నాటి నిబంధనల ప్రకారము పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయింపవలెను. ఇంట దూరిన పామును పట్టి అటవీశాఖ వారికి అప్పగించు యువకులు, అది ఆకలిగొన్నదేమో యని జాలిపడి పొలములోని ఎలుకను తెచ్చి వేయుదురు. ఆ పొలములో తొంబది ఆరు పాళ్ల నూకలకు రెండు పాళ్ల నూనె, రెండు పాళ్ల బ్రోమాడయొలోన్ కలిపిన ఎర పెట్టియున్నచో, దానిని తిన్న ఎలుక కొన్ని దినముల వరకు బ్రతికియే తిరుగును, దాని దేహములోని విషము పామునకు చేరును. పాము వారముల తరబడి ఆహారము లేకుండ ఉండగలదు. గుడ్డసంచిలో కట్టి, నీడను ఉంచి, ఆ దినముననే అటవీశాఖ వారికి చేర్చిన చాలును.