ఒక చిన్న కళాశాల, కొందరు శాస్త్రజ్ఞులు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు ఉత్తర భాగాన ఓబర్లిన్ అనే చిన్న ఊరున్నది. 1833లో అక్కడి అడవిని కొట్టి, ఊరిని, దానితోపాటు ఒక కళాశాలను ఒక్కసారే నెలకొల్పినారు. సాహిత్యం, గణితం, చరిత్ర, తర్కం, ప్రకృతి శాస్త్రాలు అన్నీ ప్రతి విద్యార్థికీ కొంత కొంత బోధించే ఇటువంటి విద్యాలయాలను ఆ దేశంలో లిబరల్ ఆర్ట్స్ కళాశాలలంటారు. వీటిలో పెద్ద పరిశోధనాగారాలు ఉండవు. విద్యార్థులు తక్కువ, ఉపాధ్యాయులూ తక్కువే. అయినా ఓబర్లిన్‌లో చదివినవారి పట్టికను చూస్తే, విజ్ఞాన శాస్త్ర చరిత్రలో నిలిచిన పేర్లు కొన్ని కనిపిస్తవి. ఆ పేర్లు ఎట్లా వచ్చినవో, వాటి పక్కన ఏ పేర్లు మరుగున పడినవో ఈ వ్యాసంలో చూతము.

ముందుగా ఆ కళాశాల సంగతి రెండు మాటలు. 1835 నుండి అక్కడ నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్నారు. 1837లో నలుగురు బాలికలు పట్టపరీక్ష తరగతులలో చేరినారు. వారిలో ముగ్గురు 1841లో పురుషులతో సమానంగా పట్టం పొందినారు. ఆ కాలానికి ఇది గొప్ప సంగతే. అయితే మనం దానిని మరీ స్వర్గంగా ఊహించుకోనక్కరలేదు. తొలిరోజులలో మగ విద్యార్థుల బట్టలు ఉతికేది ఆడ విద్యార్థినులే. 1847లో లూసీ స్టోన్ అనే విద్యార్థినిని స్నాతకోత్సవానికి ప్రసంగం వ్రాయమన్నారు గాని, దానిని సభలో ఒక పురుషుడు చదువుతాడన్నారు. ఆమె వ్రాయనని చెప్పివేసినది.

ఇక అసలు కథకు వద్దాము. మన ఇండ్లలో అల్యూమినియం గిన్నె లేని వంటిల్లు అరుదు. కాని 1884లో వాషింగ్టన్ నగరంలోని స్మారక స్తంభం కొనపై అల్యూమినియంతో చేసిన చిన్న పిరమిడ్ ను నిలిపినప్పుడు, ఆ లోహం ధర దాదాపు వెండి ధరతో సమానం. నేలలో అల్యూమినియానికి కొరత ఏమీ లేదు. భూమి పైపొరలో అన్నిటికంటె ఎక్కువగా ఉన్న లోహం అదే. కాని అది ఆమ్లజనితో ఎంతో గట్టిగా కలిసి ఉంటుంది. ఇనుమును బొగ్గుతో విడదీసినట్లు దానిని విడదీయడానికి వీలుకాదు. సోడియం అనే మరొక ఖరీదైన లోహాన్ని ఖర్చుచేసి దానిని తీసేవారు.

1880లో ఫ్రాంక్ ఫానింగ్ జ్యూవెట్ ఓబర్లిన్‌కు రసాయన శాస్త్ర ఉపాధ్యాయుడుగా వచ్చినాడు. ఆయన జర్మనీలోని గొట్టింగెన్‌లో చదివినవాడు. అల్యూమినియాన్ని తొలిసారి వేరుచేసిన వారిలో ఒకడైన వోలర్‌ను అక్కడ కలుసుకున్నవాడు. తరువాత టోకియోలో నాలుగేండ్లు పాఠాలు చెప్పినాడు. ఆయన తరగతిలో అల్యూమినియం తునకను చూపి, దీనిని చౌకగా తయారు చేయగలవాడు లోకానికి మేలు చేస్తాడు, తానూ ధనవంతుడవుతాడు అనేవాడు. అది విన్న చార్లెస్ మార్టిన్ హాల్ ఆ పని నేనే చేస్తానని పక్కనున్న స్నేహితునితో అన్నాడని జ్యూవెట్ తరువాత చెప్పినాడు. ఇటువంటి మాటలు ప్రతి తరగతిలోను ఎందరో విద్యార్థులు అంటారు. జ్యూవెట్ చేసిన విశేషమేమంటే, ఆ మాటను నవ్వులాటగా తీసివేయక, ఆ కుర్రవానికి తన ప్రయోగశాలలో చోటు, సామగ్రి, తన కాలం ఇచ్చుట.

హాల్ 1863 డిసెంబరు 6న పుట్టినాడు. తండ్రి మతబోధకుడు, తల్లిదండ్రులిద్దరూ ఓబర్లిన్‌లోనే చదివినారు. 1885లో పట్టం పుచ్చుకొని, ఇంటి వెనుక కట్టెల కొట్టంలో కొలిమి పెట్టుకున్నాడు. విద్యుచ్ఛక్తితో అల్యూమినియం లవణాన్ని విడదీయాలని అతని ఆలోచన. మొదట అల్యూమినియం ఫ్లోరైడును నీటిలో కరిగించి విద్యుత్తును పంపినాడు. నీరు ఉన్నచోట అల్యూమినియానికి బదులు ఉదజని వెలువడినది. అడుగున జిగురువంటి హైడ్రాక్సైడు మిగిలినది. కాబట్టి నీరు లేని ద్రావకం కావలెను. అల్యూమినాను తిన్నగా కరిగించుదమంటే దానికి 2,000 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడి కావలెను. కట్టెల కొట్టంలోని కొలిమికి అంత శక్తి ఎక్కడిది?

ఇక్కడనే అతని బుద్ధి పనిచేసినది. ఉప్పు నీటిలో కరగుటకు ఉప్పు కాగవలసిన పని లేదు కదా! అట్లే అల్యూమినాను తనలో కరిగించుకొనే మరొక కరిగిన లవణం ఉంటే చాలును. 1886 ఫిబ్రవరిలో క్రయొలైట్ అనే ఖనిజం ఆ పని చేస్తుందని అతడు కనిపెట్టినాడు. అల్యూమినియం, సోడియం, ఫ్లోరిన్ కలిసిన ఈ ఖనిజం సుమారు 1,000 డిగ్రీలకే కరుగుతుంది. కొద్ది రోజులకు మట్టి మూసలో దానిని కరిగించి, అల్యూమినా వేసి, విద్యుత్తును పంపినాడు. అల్యూమినియం రాలేదు, ఋణధ్రువం మీద బూడిదరంగు పూత మాత్రం వచ్చినది. మరొకడైతే సిద్ధాంతమే తప్పనుకొని వదలివేసేవాడేమో. హాల్ మూసనే అనుమానించినాడు. మట్టిలోని సిలికా కూడ ఆ ద్రవంలో కరిగి, సిలికాన్‌గా బయటపడుతున్నదని గ్రహించి, మూస లోపల కర్బనపు పూత అమర్చినాడు. ఫిబ్రవరి 23న చల్లారిన ముద్దను పగులగొట్టగా వెండివలె మెరిసే చిన్న చిన్న గుండ్లు బయటపడినవి. వాటిని తీసుకొని జ్యూవెట్ వద్దకు పోయినాడు. అప్పటికి హాల్ వయస్సు 22 సంవత్సరాలు.

ఈ కథను పాఠ్యపుస్తకాలు ఇంతటితో ఆపివేస్తవి. కాని ఆ కొట్టంలో హాల్ ఒంటరిగా లేడు. అతని అక్క జూలియా బ్రెయినర్డ్ హాల్ 1881లో అదే కళాశాలలో పట్టం పొందినది. ఆమె కూడ రసాయన శాస్త్రం చదివినది. తల్లి జబ్బు పడగా ఇంటిభారం ఆమె మీద పడినది. తమ్ముడు ఏ రోజు ఏమి ప్రయత్నించినాడో ఆమెకు తెలుసును, దగ్గర నిలిచి చూచినది కూడ. ఆమె సాక్ష్యం ఎంత విలువైనదో తరువాత తేలినది. ఫ్రాన్సు దేశంలో పాల్ ఎరూ అనే మరొక యువకుడు, హాల్ సంగతి ఏమాత్రం తెలియకనే, అదే పద్ధతిని కనుగొని 1886 ఏప్రిల్ 23న పేటెంటుకు దరఖాస్తు పెట్టినాడు. హాల్ దరఖాస్తు పెట్టినది జూలై 9న. తేదీని బట్టి చూస్తే ఎరూదే పైచేయి. అయితే అప్పటి అమెరికా చట్టం దరఖాస్తు తేదీని గాక, నూతన కల్పన జరిగిన తేదీని చూచేది. ఫిబ్రవరి 23న లోహం వచ్చినదని రుజువు చేయవలసి వచ్చినది. హాల్ తన అన్న జార్జికి వ్రాసిన ఉత్తరాలు, జ్యూవెట్ సాక్ష్యం, ప్రయోగాలను వరుసగా చెప్పిన జూలియా సాక్ష్యం అతనిని గట్టెక్కించినవి. 1889 ఏప్రిల్ 2న 400,664 అనే సంఖ్యతో పేటెంటు లభించినది. జూలియా సాక్షి మాత్రమేనా, ప్రయోగాలలో భాగస్వామియా అన్న విషయమై చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. ఆలోచన తమ్మునిదే అనుటకు ఆధారాలు బలంగా ఉన్నవి. అయినా ఆమె రసాయన శాస్త్రం చదువుకొని ఉండకపోతే, న్యాయవాదుల ఎదుట ఆ ప్రయోగాల క్రమాన్ని అంత నిర్దుష్టంగా చెప్పగలిగేదా? నా ఉద్దేశంలో ఆడపిల్లలకు తలుపు తెరిచిన కళాశాలకు కూడ ఈ పేటెంటులో పాలు ఉన్నది. ఇంకొక చిత్రం: హాల్, ఎరూ ఇద్దరూ 1863లోనే పుట్టినారు, 1914లోనే మరణించినారు.

1888లో పిట్స్‌బర్గులో హాల్ పద్ధతిపై కర్మాగారం మొదలైనది. కొద్ది సంవత్సరాలలోనే అల్యూమినియం ధర పౌనుకు ఒక డాలరు లోపుకు దిగినది. ఆ ధర దిగిన ఫలితం మన ప్రాంతానికి కూడ వేగంగానే చేరినది. 1898 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అనే ఇంజనీరు మదరాసు ఆర్ట్స్ స్కూలులో, దిగుమతి చేసుకున్న రేకులతో అల్యూమినియం పాత్రలు చేయించడం ఆరంభించినాడు. కట్టెల కొట్టంలో గుండ్లు దొరికి అప్పటికి 12 ఏండ్లే అయినవి. నేటికీ ప్రపంచంలో అల్యూమినియం ఖనిజం నుండి తయారయ్యేది హాల్-ఎరూ పద్ధతిలోనే. కిలో లోహానికి 13 నుండి 15 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుంది. అందుకే ఆ కర్మాగారాలు చౌకగా విద్యుత్తు దొరికే చోటునే వెదకుకొంటవి.

పెండ్లి లేక మరణించిన హాల్ తన ఆస్తిలో మూడవ వంతును ఓబర్లిన్‌కు వ్రాసినాడు. మరొక వంతు జపాను, ఆసియా ఖండం, టర్కీ, బాల్కన్ దేశాలలో విద్య కొరకు. కళాశాలలో అతని విగ్రహమున్నది. అది అల్యూమినియంతో చేసినదని వేరే చెప్పవలెనా!

ఓబర్లిన్ పట్టికలో మరొక పేరు రాబర్ట్ మిల్లికన్. 1891లో పట్టం పొందిన ఇతని మొదటి ప్రేమ గ్రీకు భాష. రెండవ సంవత్సరం చివర గ్రీకు ఉపాధ్యాయుడు పెక్ అతనిని పిలిచి, సన్నాహక తరగతులకు భౌతిక శాస్త్రం చెప్పమన్నాడు. నాకు ఆ శాస్త్రమే రాదని మిల్లికన్ అంటే, నా గ్రీకు పాఠాలు బాగా చదివినవాడు భౌతిక శాస్త్రం చెప్పగలడన్నాడట ఆయన. మిల్లికన్ ఆ వేసవి సెలవులలో ఒక పాఠ్యపుస్తకం ముందు పెట్టుకొని, అందులోని లెక్కలన్నీ చేసుకుంటూ పాఠాలు సిద్ధం చేసుకున్నాడు. పెక్ మాట తర్కానికి నిలిచేది కాదు. ఇటువంటి నియామకాన్ని మన పాఠశాలల తనిఖీ అధికారులు ఒప్పుకోరు కూడ. కాని ఒక విషయాన్ని బోధించవలసి వచ్చినప్పుడే అది నిజంగా మనకు తెలియవస్తుందని ఉపాధ్యాయులందరికీ అనుభవమే.

మిల్లికన్ తరువాత షికాగోలో నూనె బిందువుల ప్రయోగంతో ఎలక్ట్రాను విద్యుదావేశాన్ని కొలిచి, 1923లో నోబెల్ బహుమతి పొందినాడు. ఇక్కడ కూడ పక్కన ఒక పేరున్నది. నీటి బిందువులు క్షణాలలో ఆవిరైపోతుంటే వాటి బదులు నూనె వాడి చూచినది తానేనని, తొలి వ్యాసం మీద మాత్రం మిల్లికన్ పేరొక్కటే పడినదని అతని శిష్యుడు హార్వే ఫ్లెచర్ వ్రాసిపెట్టినాడు. ఆ వ్రాత ఫ్లెచర్ మరణానంతరం 1982లో అచ్చయినది.

ఎలైషా గ్రే అనే వడ్రంగి కూడ ఓబర్లిన్‌లో కొంతకాలం చదివినాడు. 1876 ఫిబ్రవరి 14న బెల్ టెలిఫోను దరఖాస్తు పెట్టిన రోజుననే ఇతడు కూడ పేటెంటు కార్యాలయంలో నోటీసు దాఖలు చేసినాడు. ఇతనికి మాత్రం హాల్‌కు దక్కిన అదృష్టం దక్కలేదు. వృద్ధి కారకాలను కనుగొన్నందుకు 1986లో నోబెల్ బహుమతిని పంచుకున్న స్టాన్లీ కోహెన్ 1945లో ఇక్కడనే జంతుశాస్త్రంలో ఎం.ఏ. చేసినాడు.

రోజర్ స్పెర్రీ కథ మిల్లికన్ కథకు దగ్గర. 1935లో ఇతడు పుచ్చుకున్న పట్టం ఇంగ్లీషు సాహిత్యంలో. మధ్యలో స్టెట్సన్ అనే ఉపాధ్యాయుని మనస్తత్వ శాస్త్రపు ప్రారంభ పాఠాలు విన్నాడు. మాట్లాడేటప్పుడు మన కండరాలు ఎట్లా కదలునో పరిశోధించినవాడు స్టెట్సన్. స్పెర్రీ ఓబర్లిన్‌లోనే ఉండిపోయి, 1937లో ఆయన వద్ద ఎం.ఏ. పూర్తిచేసినాడు. ఆ తరువాత షికాగోకు పోయి జంతుశాస్త్రం పట్టినాడు. కప్పజాతి జంతువుల కంటి నరాన్ని కోసి, కనుగుడ్డును తలక్రిందులుగా త్రిప్పి వదలినాడు. నరం తిరిగి పెరిగినది గాని, ఆ జంతువు పైనున్న పురుగు కొరకు క్రిందికి ఎగబడినది. ఎన్నాళ్ళకూ ఆ పొరపాటును సరిదిద్దుకోలేదు. నరపు పోగులు అభ్యాసంచేత గాక, పుట్టుకతో వచ్చిన గుర్తులను బట్టి మెదడులో తమ తమ చోటులను చేరుకుంటవని దీనివలన తెలిసినది. మెదడు రెండు అర్ధగోళాల నడుమ వంతెనను కోసిన రోగులను అతడు పరీక్షించినది ఇంకా తరువాత. కుడిచేతికి తెలిసిన వస్తువు ఎడమచేతికి తెలియని ఆ వింతను వివరించినందుకు 1981లో అతనికి నోబెల్ బహుమతి వచ్చినది.