ఉపగ్రహం వచ్చే వేళ

భూమి అచ్చంగా బంతిలా ఉండి ఉంటే వాతావరణ ఉపగ్రహాలు వేళ పాటించడం కష్టమయ్యేది. ధ్రువాల దగ్గర కంటే భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బు లాగుడుకు ఉపగ్రహ కక్ష్య మెల్లగా తిరుగుతుంది. భూమధ్యరేఖతో కక్ష్య వాలు 98 డిగ్రీలుంటే ఆ తిరుగుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ. సూర్యుడి చుట్టూ భూమి కదిలేదీ అంతే. ఆక్వా ఉపగ్రహం ఏళ్ల తరబడి స్థానిక సమయం మధ్యాహ్నం 1:30కే భూమధ్యరేఖను దాటింది ఈ పొంతన వల్లే. ఎంత అందమైన లెక్క!

1960లో ఎగిరిన వాతావరణ ఉపగ్రహం టైరోస్-1కి ఆ సౌకర్యం లేదు. ధ్రువాలు దాని కంట పడనేలేదు. 1964 ఆగస్టు 28న బయల్దేరిన నింబస్-1ని మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళలకు కుదిర్చారు. సౌరఫలకాలను తిప్పే యంత్రం మొరాయించి నెల తిరక్కుండానే దాని పని ముగిసింది. తీసిన చిత్రాల ఫిల్ము దశాబ్దాలపాటు డబ్బాల్లోనే ఉండిపోయింది. చివరికి దాన్ని స్కాన్ చేస్తే, 1964 సెప్టెంబరులో అంటార్కిటికా సముద్రపు మంచు ఎంతవరకు పరుచుకుందో తేలింది. మంచు విస్తీర్ణానికి ఎడతెగని ఉపగ్రహ లెక్క 1978 చివర్లో కానీ మొదలవలేదు. అంత విలువైన ఫిల్మును అన్నేళ్లు పట్టించుకోకపోవడం అన్యాయం.

వేళ తప్పితే ఏమవుతుందో అమెరికా నోవా వాతావరణ ఉపగ్రహాలు చూపించాయి. కక్ష్యను సరిచేసుకునే ఇంజిను లేక, మధ్యాహ్నం రావాల్సినవి ఏటేటా సాయంత్రానికి జరిగాయి. పొద్దు వాలాక కొలిస్తే వేడి తగ్గినట్టే కనిపిస్తుంది. అలబామా శాస్త్రవేత్తలు రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ ఆ తేడాను సవరించారు. అయితే ఉష్ణమండలంలో ఆ సవరణ తిరగబడిందని 2005లో కార్ల్ మియర్స్, ఫ్రాంక్ వెంట్జ్ ‘సైన్స్’ పత్రికలో చూపారు. అలబామా జట్టు ఒప్పుకుని దిద్దుకుంది. దాంతో వాళ్ల లెక్కలో కింది వాతావరణం వేడెక్కే వేగం దశాబ్దానికి 0.088 డిగ్రీల నుంచి 0.123కి పెరిగింది. గడియారం జరిగినందుకు భూతాపం మీదే ఏళ్ల తరబడి వాదులాట నడిచింది.

2011లో శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహం మేఘా ట్రోపిక్స్ అసలు ఒక వేళకు కట్టుబడలేదు. 20 డిగ్రీల వాలుతో ఉష్ణమండలం మీదే తిరుగుతూ ఒకే చోటును రోజుకు పలుమార్లు, వేర్వేరు పూటల్లో చూసింది. 2023 మార్చి 7న దాన్ని పసిఫిక్ మీద దించేశారు.

భారత్ ఇన్‌శాట్ ఉపగ్రహాలది మరో పద్ధతి. 36 వేల కిలోమీటర్ల ఎత్తున, 82 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఇన్‌శాట్-3డీని, 74 దగ్గర 3డీఆర్‌ను నిలిపారు. ఒక్కొక్కటీ అరగంటకో చిత్రం తీస్తే, రెండింటినీ కలిపి పావుగంటకొకటి అందేలా వేళలు అమర్చారు. వేసవి సాయంత్రం తెలంగాణ మీద లేచే క్యుములోనింబస్ మేఘం గంటలోపే పిడుగులు కురిపించి కరిగిపోగలదు. అరగంటకో చిత్రంతో సరిపెట్టుకుంటే, దాని పెరుగుదల రెండు చిత్రాల మధ్యలోనే అయిపోతుంది.