పొడి పెయింట్ పుట్టిన కథ: షాపువాడి మాట ఎంతవరకు నమ్మాలి?



మీ బోరు దగ్గర స్టార్టర్ డబ్బా ఒకసారి చూడండి. కుంచె గీతలు ఉండవు, పెయింట్ కారిన చారలు ఉండవు. చాలావాటికి ఉండేది పౌడర్ కోటింగ్. "ఇక తుప్పు మాటే ఉండదండీ" అని షాపులో చెప్తారు. అది నిజమో కాదో తేలాలంటే ఈ పూత ఎలా వచ్చిందో తెలియాలి.

1950ల మొదట్లో జర్మనీలో ఎర్విన్ గెమ్మర్ అనే ఆయన ఒక పద్ధతి కనిపెట్టారు. తొట్టిలో ప్లాస్టిక్ పొడి పోసి అడుగు నుంచి గాలి ఊదితే, పొడి నీళ్లలా కదులుతుంది. బాగా వేడిచేసిన ఇనుప వస్తువును అందులో ముంచితే పొడి కరిగి అంటుకుంటుంది. 1953లో పేటెంటుకు పెట్టారు. కాకపోతే పూత మరీ మందంగా వచ్చేది.

1960ల్లో గన్ను వచ్చింది. పొడికి కరెంటు ఛార్జి ఎక్కించి, ఎర్తు చేసిన వస్తువు మీద చల్లుతారు. తల దువ్విన దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకోవూ, అలా పట్టుకుంటుంది. తర్వాత 180–200 డిగ్రీల ఓవెన్‌లో పెడితే కరిగి ఒకే పొరగా గట్టిపడుతుంది. థిన్నర్ అక్కర్లేదు, పక్కన పడ్డ పొడినీ పోగుచేసి వాడుకోవచ్చు. థిన్నర్ ఆవిర్లు గాలిని పాడుచేస్తున్నాయని 1966లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో కట్టడి పెట్టారు. అలాంటి నిబంధనలు పెరిగేకొద్దీ పొడికి గిరాకీ పెరిగింది.

మొదట్లో ఎక్కువగా వాడింది ఎపాక్సీ పొడి. గట్టిదే గానీ ఎండకు సుద్దలా తెల్లబడుతుంది. అందుకే ఆరుబయట వస్తువులకు పాలిస్టర్ పొడి వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి. పౌడర్ కోటింగ్ ఇనుముకు చొక్కా లాంటిది. 1837లో ఫ్రాన్స్‌లో సోరెల్ పేటెంట్ తీసుకున్న జింకు పూత వేరు: గీత పడినా జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. పౌడర్‌కు ఆ గుణం లేదు. గీత పడితే తుప్పు పూత కిందుగా పాకుతుంది, పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది.

కాబట్టి కొనేముందు మూడు అడగండి. ఎండకు తట్టుకునే పొడేనా? పూతకు ముందు నూనె, తుప్పు కడిగి ఫాస్ఫేట్ చేశారా? వెల్డింగ్ అంతా పూతకు ముందే అయిందా? తర్వాత వెల్డింగ్ పెడితే అక్కడ పూత కాలిపోతుంది.

యూరియా, మందులు తగిలిన సామాను ఆ పూటే కడగండి. గీత పడ్డచోట వెంటనే గీకి, ప్రైమర్ కొట్టి, పెయింట్ వెయ్యండి. పది నిమిషాల పనికి బద్ధకిస్తే కొన్నాళ్లకు డబ్బాయే మార్చాల్సి వస్తుంది.